రొట్టె కాళ్ళూ లారీ చెక్కా

ముందు ఒట్టు పెట్టుకుంటాను. ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టు, మా అమ్మ తట్టిన జొన్నరొట్టె మీద ఒట్టు, గుంతకల్లు జంక్షన్‌లో నేను మరిచిపోయి వచ్చిన మూడు గొడుగుల మీద ఒట్టు: ఈ యాత్రలో నేను రాసే ప్రతి మాటా నిజం. మద్దికెరలో నన్నెరిగినవాళ్ళు ఇది చదివి పొట్ట పట్టుకుని నవ్వుతారని తెలుసు. నవ్వనీండి. మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. కాలిపోయిన మోటారు తెచ్చిన రైతు అది బాగయ్యేదాకా బెంచీ మీద కూర్చోవాలి, కూర్చున్నవాడికి పొద్దుపోవాలి. అందుకని పాతికేళ్ళుగా నోటికొచ్చిన కథ చెబుతున్నాను. అది నోటి పని. ఇది చేతి పని. నా చేతికి అబద్ధాలు రావు.

ఈ యాత్రకు కారణం కాళ్ళు. మా ఇంట్లో మగవాళ్ళెవరికీ అరికాలి కింద వంపు లేదు. తడికాలితో నాపరాయి మీద నడిస్తే మీకు మడమ ఒకచోట, వేళ్ళు ఒకచోట, నడుమ సన్నటి పట్టీ పడుతుంది. మాకు నిండు రొట్టె పడుతుంది. అందుకే మావైపు రొట్టె కాళ్ళు అని ఎగతాళి చేస్తారు. మా తాత ఒకసారి వాన వెలిసిన పొద్దున చేనికి పోయి వస్తే, ఆ జాడలు చూసి ఎలుగుబంటి దిగిందని ఊరంతా మధ్యాహ్నం దాకా తలుపులు తీయలేదు. భయపడి మా తాత కూడా తీయలేదు.

మా చెల్లెలు సుంకమ్మ మొగుడు ఈరన్నవీ ఇవే కాళ్ళు. పెళ్ళిచూపుల నాడు కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చినప్పుడు గచ్చు మీద పడిన రొట్టెలు చూసి 'మనవాడే' అనుకున్నాను. అతను ఆదోని మార్కెట్ యార్డులో హమాలీ. పత్తి కూరిన పెద్ద సంచిని అక్కడ బోరెం అంటారు. లారీ వెనక ఒక పొడవాటి చెక్క ఆనిస్తారు. కింద ఇద్దరు బోరెం ఎత్తి వీపు మీద పెడితే, చెక్క ఎక్కేవాడు నడుం వంచి, ఊగే చెక్క మీద అడుగు తప్పకుండా పైకి పోయి, లారీలో వేసి దిగాలి. గుంపులో అందరూ చెక్క ఎక్కరు. నిలకడ ఉన్నవాళ్ళే ఎక్కుతారు. ఈరన్న పద్దెనిమిదేళ్ళుగా ఎక్కుతున్నాడు. ఆషాఢంలో మా ఇంటికి వచ్చినప్పుడు మాత్రం, నలభై దాటినాక పాదం లోపలికి వాలుతోందని, చెక్క మీద ఒళ్ళు ఊగుతోందని మెల్లగా చెప్పాడు.

నేనేమో షాపులో ఉన్నాననుకున్నాను.

"మా తాత ఏం జేసినాడో తెలుసునా బావా? చెప్పులో మూడు వేళ్ళ మందం పత్తి పరిసి కుట్టించుకున్నాడు. ఆ చెప్పులేసుకోని మద్దికెర నుంచి గుంతకల్లు దాకా రైలు పట్టా మింద నడిసినాడు. ఒక్కసారి కిందికి దిగితే ఒట్టు. ఎదురుగా రైలొస్తే రైలే నిలబడింది."

ఈరన్న నవ్వలేదు. అక్కడే నాకు అనుమానం రావలసింది.

పది రోజులకు సుంకమ్మ ఫోను చేసింది. "అన్నా, నీ కోతలు నమ్మి మా ఇంటాయన చెక్క మింద నుంచి పడినాడు."

"దెబ్బలు తగిలినాయా?"

"బోరెం మింద ఇంకో బోరెం మాదిరి పడినాడులే, ఏం కాల్యా. యార్డులో పత్తికి కరువా? చెప్పుల నిండా కూరుకోని కుట్టుకున్నాడు. ఇంగ చెక్క ఎక్కొద్దని మేస్త్రి సంచుల మూతులు కుట్టే కాడ కూసోబెట్టినాడు. దసరా పోయినాక కొత్త పత్తి వొస్తాది. ఆలోపల కాలు సరిజేసుకోని రాకుంటే ఆయప్ప చోటుకు వేరేవాన్ని పెడతాడంట. రెండు దినాలాయ, మనిషి అన్నం ముందర కూసోని గోడ సూస్తాన్నాడు. నువ్వే పడేసినావు, నువ్వే లేపు."

లేపడానికి బయలుదేరాను. శ్రావణ మాసం, శనివారం, పొద్దున ఆరుంపావు. మద్దికెర స్టేషన్‌లో గుంతకల్లు పోయే ప్యాసింజర్. టికెట్ ధర ఒక దోసె కన్నా తక్కువ, కాబట్టి ఈ దారిన వచ్చేవాళ్ళు దిగులు పడనక్కర లేదు. కిటికీ పక్క సీటు కావాలంటే మాత్రం టమాట బుట్టల వాళ్ళ కన్నా ముందు ఎక్కాలి. నేను ఎక్కలేదు. బుట్టకూ బుట్టకూ నడుమ ఒంటికాలి మీద నిలబడ్డాను. మాటల్లో కాళ్ళ సంగతి వచ్చింది. ఎదురుగా ఉన్న టమాటల ఆయన బీడీ చెవిలో దోపుకుని అడిగాడు.

"సాపు కాళ్ళోళ్ళను మిలిట్రీలో తీసుకోరంట, నిజమాప్పా?"

"నిజమే. మా జాడ సూస్తే శత్రువు భయపడి యుద్ధమే మానుకుంటాడు. ఇంగ తుపాకులు ఏం జేసుకోవల్ల?"

ఆయన గంభీరంగా తల ఊపి, పక్కవాడికి ఆ మాటను తన మాటగా చెప్పాడు. రైలు ప్రయాణంలో నాకు నచ్చేది ఇదే. కథ నాకన్నా ముందే స్టేషన్ చేరుతుంది.

గుంతకల్లులో రైలు మారాలి. ప్లాట్‌ఫారం మీద టీ తాగి, ఈసారి గొడుగు చంకలోనే పెట్టుకుని ఆదోని బండి ఎక్కాను. తొమ్మిదిన్నరకు ఆదోని. కొండ కనిపించగానే ఆకలైంది. స్టేషన్ బయట బండి మీద ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. మూడో బజ్జీ జోలికి పోకండి, ముందు బస్సు ప్రయాణం ఉంది.

ఇంటికి పోయేసరికి ఈరన్న బట్టలుతికే బండ దగ్గర నిలబడి తన కాళ్ళను తానే చూసుకుంటున్నాడు. ఆరడుగుల మనిషి. బోరేలు మోసి మోసి మెడ ఎద్దు మూపురంలా గట్టిపడింది. నన్ను చూసి కోప్పడతాడనుకున్నాను. "వొచ్చినావా బావా" అన్నాడు అంతే. తిట్టినా బాగుండేది.

సుంకమ్మ చెంబుతో మా ఇద్దరి కాళ్ళ మీద నీళ్ళు పోసింది. నాపరాయి మీద ఇద్దరమూ నడిచాం. నాలుగు రొట్టెలు పడ్డాయి. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏమక్కా, ఎవురికి వడ్డిస్తాండావు?" అంది. నేను నవ్వాను. ఈరన్న నవ్వలేదు.

"బావా, మూతులు కుట్టేది ముసలోళ్ళ పని," అన్నాడు జాడలు ఆరిపోయేదాకా చూసి. "నాకింగా నలభై మూడే. నా ఎనకాల పిల్లోళ్ళు చెక్క ఎక్కుతాంటే సూది పట్టుకోని కింద కూసోల్ల."

సుంకమ్మ ఒక సంగతి కనుక్కుని పెట్టింది. ఎమ్మిగనూరులో ఫిజియోథెరపీ చేసే ఒకామె ఉంది. మగ్గం నేసేవాళ్ళ నడుములకూ మోకాళ్ళకూ ఆమె చేయి మంచిదని పేరు. పదకొండు గంటలకు ఈరన్నా నేనూ బస్టాండుకు పోయాం. శ్రావణం కదా, బస్టాండంతా ఉరుకుంద ఈరన్న స్వామి మొక్కులకు వచ్చిన జనం. ఎమ్మిగనూరు బస్సులో కూడా సగం మంది గుండ్లతో, గంధంతో తిరిగిపోతున్నవాళ్ళే. మాకు సీటు దొరకలేదు. దొరికి ఉంటే ఈ యాత్రలో అసలైన వింత నేను చూసేవాణ్ణి కాదు.

ఆ వింత కండక్టరు. బక్కపలచటి మనిషి, యాభై ఉంటాయి. బస్సు గుంతలో పడి లేస్తుంటే మేమంతా కమ్మీలు పట్టుకుని గబ్బిలాల్లా వేలాడుతున్నాం. ఆయన ఒక చేత్తో టికెట్ మిషను, ఒక చేత్తో చిల్లర పట్టుకుని, దేన్నీ ఆనుకోకుండా సందులో నడిచిపోతున్నాడు. నేను ఉండబట్టలేక అడిగాను.

"అన్నా, నీ కాలికి వంపుందా?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "టికెట్ అడుగుతారు, చిల్లర అడుగుతారు. కాలు అడిగినోడు నువ్వే మొదలు."

ఈరన్న సంగతి చెప్పాను. ఆయన చెప్పు విడిచి కాలు చూపించాడు. రొట్టె! మాకన్నా పలచటి రొట్టె. నాకు ఒళ్ళు పులకరించింది. ఈరన్న కమ్మీ వదిలేసి వంగి మరీ చూశాడు.

"ఇరవై రెండేండ్లు ఈ సందులోనే నడుస్తాన్నా," అన్నాడు కండక్టరు. "మొదటి ఏడు ఆడోళ్ళ ఒళ్ళో మూడుమాట్లు పడినా. రెండో ఏడు ఒకమాటు. మూడో ఏడు నుంచి ల్యాదు."

కిటికీ పక్క కూర్చున్న ముసలవ్వ, "పాపం, బిడ్డకు అదే దిగులు," అంది. బస్సు గొల్లుమంది.

"నగు అవ్వా నగు," అని ఆయన ఈరన్న వైపు తిరిగాడు. "కాలు సాపైతే ఏమప్పా, నా వేళ్ళు సూడు." బస్సు మలుపు తిరిగింది. ఆయన కాలి వేళ్ళు, కొమ్మ మీద కోడి వేళ్ళు ముడుచుకున్నట్టు నేలను పట్టుకున్నాయి. మలుపు దాటగానే విడిచాయి. "నేను పట్టుకోమని సెప్పను. అవే పట్టుకుంటాయి."

నేను ఊరుకోలేకపోయాను. బస్సులో మగవాళ్ళందరినీ చెప్పులు విడవమన్నాను. పద్నాలుగు మంది విడిచారు. అందులో ముగ్గురు మావాళ్ళే! ఆ ముగ్గురిలో ఒకాయన ఏ దిగులూ లేకుండా నిలబడే నిద్రపోతున్నాడు, ఆయన చెప్పులు పక్కాయన విడిపించాడు. ఇంకొకాయన సీట్లో కూర్చుని కూడా ఊగుతున్నాడు, అది కాళ్ళ వల్ల కాదని వాసన చెప్పింది. కమ్మీ వదిలి నిలబడే పందెం పెట్టాను. నేనే మొదట వదిలాను, నేనే మొదట పడ్డాను, అదే ముసలవ్వ అరటిపండ్ల సంచి మీద. ఆమె కర్ణాటక వైపు మనిషి. "సాకు, సాకు! చాల్లే, కూసో నాయనా," అని నన్ను తన కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, నలిగిన పండ్లు నా చేతే తినిపించింది. ఎమ్మిగనూరు వచ్చేదాకా నాలుగు తిన్నాను.

పన్నెండుంపావుకు దిగాం. లోపలి వీధుల్లోకి పోతే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఆ ఫిజియోథెరపీ మేడం గది ఒక బట్టల కొట్టు మీద. ఆమె భోజనానికి పోయింది, ఒంటిగంటకు వస్తుందని కింద చెప్పారు. మేమూ ఎదురుగా ఉన్న హోటల్లో జొన్నరొట్టె, పప్పు, వేరుశనగ పొడి తిన్నాం. ఈరన్న రొట్టెను తుంచకుండా చాలాసేపు చూస్తుంటే, "అది తినేదానికి బావా, మనది నడిసేదానికి," అన్నాను. మొదటిసారి మూతి పక్కన చిన్న నవ్వు.

మేడంకు ముప్పై కూడా ఉండవు. గట్టి గొంతు. వాళ్ళ నాన్న మగ్గం గుంతలో కూర్చుని నలభై ఏళ్ళు పావులనే తొక్కుడు చెక్కలు తొక్కాడట. "కాళ్ళు చూస్తూనే పెరిగినా," అంది. ఈరన్నను ముందు రెండు కాళ్ళ మీద నిలబెట్టింది. బండరాయిలా నిలబడ్డాడు. ఒంటికాలి మీద నిలబెట్టింది. పర్వాలేదు. కళ్ళు మూసుకోమంది. అంత మనిషి, గాలికి సజ్జకంకి ఊగినట్టు ఊగి గోడ పట్టుకున్నాడు.

తరువాత సుద్దముక్కతో నేల మీద మూడు గీతలు గీసింది, ముగ్గుకు ఆది వేసినట్టు. ఒక కాలు నడుమ ఆనించి, రెండో కాలిని ఒక్కో గీత వెంట ఎంత దూరం పోతే అంత దూరం చాపమంది. ముందుకు చాపినప్పుడు ఈరన్న ఆనిన పాదం లోపలికి వాలిపోయింది, దాని వెనకే మోకాలు, దాని వెనకే నడుం.

"చూడన్నా, సాపు కాళ్ళున్నోళ్ళంతా పడరు," అంది. "శానామందికి ఏ తేడా ఉండదు. కొందరికి నిలబడితే బాగుంటాది, కదిలేటప్పుడే తెలుస్తాది. వంపు అంటే మంచం నవారు మాదిరి, బరువు పడితే దిగి మళ్ళా లేస్తాది. నీది దిగి అట్లే ఉండిపోతాంది. చెక్క మింద ప్రతి అడుగూ ఒంటికాలే కదా. బోరెం ఎత్తుకున్నాక నీకు చెక్క కనపడతాదా?"

"యాడ మేడం. తల వంచుకుంటే బోరెం కండ్లకు అడ్డం వస్తాది."

"అంటే కళ్ళు మూసుకోని ఎక్కినట్టే. అప్పుడు నీకు దారి చెప్పేది అరికాలే." ఆమె ఈరన్న వెంట తెచ్చుకున్న సంచిలోంచి ఆ పత్తి చెప్పులు తీసింది. కుట్లు విప్పింది. పిడికెడు పత్తి బయటికి వచ్చింది, తొక్కి తొక్కి గట్టిపడిన చోట గట్టిపడి, మెత్తగా ఉన్నచోట మెత్తగా ఉంది. ఆమె మూలనున్న దిండు తెచ్చి నేల మీద వేసి, "దీని మింద ఒంటికాలితో నిలబడు," అంది. ఈరన్న రెండు లెక్కపెట్టేలోపల దిగిపోయాడు. నన్నూ నిలబెట్టింది. నేను ఒకటి లెక్కపెట్టేలోపలే ఆమె బల్ల మీద ఉన్నాను.

"మెత్తగా ఉంటే కాలికి కింద ఏముందో తెలియదు. అసలే దారి తెలియని కాలికి గంతలు కట్టినారు. ఎవరు చెప్పినారన్నా నీకు పత్తి పెట్టుకోమని?"

ఈరన్న నా వైపు చూడలేదు. గోడ మీద ఉన్న ఎముకల బొమ్మ వైపు చూస్తూ, "యార్డులో ఎవురో ముసలాయప్ప సెప్పినాడులే మేడం. పేరు గుర్తుకు ల్యా," అన్నాడు.

నా జీవితంలో నా బదులు ఇంకొకరు అబద్ధం ఆడటం అదే మొదలు. అంత అసహ్యంగా ఉంటుందని నాకు తెలియదు.

"ముసలాయప్ప కాదు మేడం, నేనే," అన్నాను. "మా తాత పత్తి చెప్పులేసుకున్నాడని సెప్పినా. మా తాత జన్మలో చెప్పులే యేసుకోల్యా."

ఆమె నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. "అయితే ఇద్దరూ చేయండి," అని పని చెప్పింది. తుండుగుడ్డ నేల మీద పరిచి కాలి వేళ్ళతో దగ్గరికి లాక్కోవాలి. వేళ్ళు ముడవకుండా, అరికాలి నడుమభాగం మాత్రం పైకి లేచేటట్టు పాదాన్ని బిగించాలి. ఇది చెప్పినంత సులువు కాదు. మొదటి అరగంట నాకు చెవులు కదిలాయి గాని పాదం కదలలేదు. మడమలు ఎత్తి దించాలి. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడాలి, కొన్నాళ్ళకు కళ్ళు మూసుకుని. మామూలుగా నడిచేటప్పుడు చెప్పులో వంపు కింద గట్టి తోలు మెత్త ఉండాలి. చెక్క మీద మాత్రం వట్టి కాళ్ళే. "ఒక వారంలో రాదు. ఆరు వారాలు విడవకుండా చేస్తే అప్పుడు చూద్దాం. వంపు పుట్టదు, నిలకడ వస్తాదని నా నమ్మకం," అంది. మాట ఇవ్వలేదు. ఆమె అలా మాట ఇవ్వకపోవడమే నాకు నచ్చింది.

బజారులో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర తోలు మెత్తలు వేయించాం. ఆయన పాదం కింద వేలు పెట్టి కొలిచి, పాత చెప్పు చూసి, "దీంట్లో పత్తి పెట్టమన్న గాడిద ఎవుడప్పా?" అన్నాడు.

"ఈడనే ఉన్నాడు," అన్నాడు ఈరన్న. ఈసారి దాచలేదు. పెద్దాయన నాకు కుర్చీ వేసి, గాడిదకు టీ చెప్పాడు.

సాయంత్రం బస్సుకు ఆదోని, మరునాడు పొద్దున రైలుకు మద్దికెర. ఆ ఆరు వారాలూ, ఆ పైన దసరా దాకా మిగిలిన రోజులూ సుంకమ్మ ఫోన్లతో గడిచాయి. మొదటి వారం, "తుండుగుడ్డ చినిగింది అన్నా." మూడో వారం, "కింద పడిన గంటె వంగకుండా కాలితోనే తీసిచ్చినాడు." అయిదో వారానికి దండెం మీద గుడ్డలు కాలితోనే ఆరేస్తున్నాడని విన్నాను. నేనూ షాపులో బెంచీ కింద తుండుగుడ్డ వేసుకుని లాగుతూనే ఉన్నాను. మోటారు తెచ్చిన రైతులకు కథ చెబుతుంటే నడుమ నడుమ కాలు నొప్పితో ఆగాల్సి వచ్చేది. కథలో బిగువు పెరిగిందని వాళ్ళు మెచ్చుకున్నారు.

దసరా పోయిన రెండో బుధవారం మళ్ళీ అదే ప్యాసింజర్, అదే గుంతకల్లు, అదే ఉగ్గాని. పది గంటలకు యార్డు గేటు దాటాను. పత్తి వచ్చేసింది. గాలి నిండా నూగు. రెప్పల మీద పడుతుంది, టీలో పడుతుంది, మాట్లాడితే నోట్లో పడుతుంది. లారీల వరస, కేకలు. ఈరన్న గుంపు మేస్త్రి ఉసేనప్ప తెల్లగడ్డం మనిషి, తలకు ఎర్ర తువ్వాలు. అతని వెనక చొక్కా విప్పి ఒక కొత్త మనిషి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఈరన్న చోటుకు అనుకున్నవాడు అతనే.

"ఒక్క బోరెం," అన్నాడు ఉసేనప్ప. "నడుమ నిలబడితే నిలబడు, తప్పు ల్యాదు. అడుగు ఎనక్కి పడితే మాత్రం దిగిపో. నీ మింద కోపం కాదు ఈరన్నా, కింద మనుషులు ఉండారు."

"తెలుసు మేస్త్రీ."

సుంకమ్మ రానని చెప్పి వచ్చింది. టీ బండి పక్కన, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. నేను పోయి పక్కన నిలబడ్డాను. "పడితే నిన్ను ఈడనే పూడుస్తా," అంది మెల్లగా.

ఈరన్న చెప్పులు విడిచాడు. ఇద్దరు ఎత్తిన బోరెం వీపు మీదికి రాగానే మనిషి మాయమై, కింద రెండు కాళ్ళు మాత్రం మిగిలాయి. మొదటి అడుగు చెక్క మీద పడింది. వేళ్ళు విచ్చుకుని, చెక్క అంచును వెతికి, పట్టుకున్నాయి. రెండు, మూడు. చెక్క కిందికి దిగి పైకి లేస్తోంది. అది లేచేదాకా ఆగి, లేచే ఊపుతోనే అతను అడుగు వేస్తున్నాడు. అయిదు, ఆరు. ఏడో అడుగు దగ్గర, ఆషాఢంలో పడిన చోటే, ఎడమ పాదం లోపలికి వాలింది. చెక్క వణికింది. బోరెం ఒక పక్కకు ఒరిగింది. కొత్త మనిషి కట్టుకున్న చేతులు విప్పాడు. అప్పుడు ఆ పాదం నడుమభాగం, నీళ్ళలో నుంచి తాబేలు వీపు తేలినట్టు, మెల్లగా పైకి లేచింది. నేను చూస్తుండగానే రొట్టె కింద గాలి దూరింది. ఎనిమిది. తొమ్మిది. పది. పదకొండో అడుగు లారీలో.

బోరెం ధబ్బుమని పడింది. నూగు లేచింది. ఈరన్న లారీ అంచున నిలబడి ముఖం తుడుచుకుంటున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అక్కడ ఆ అలవాటు లేదు. ఉసేనప్ప తువ్వాలు విప్పి దులిపి, మళ్ళీ చుట్టుకుని, కింద ఎత్తేవాళ్ళ మీద అరిచాడు.

"ఏం సూస్తాండారు? రెండో బోరెం యాడ?"

కొత్త మనిషి చొక్కా తొడుక్కున్నాడు. ఇంకో గుంపులో మనిషి తక్కువున్నాడని ఉసేనప్పే అతన్ని అటు పంపాడు.

మధ్యాహ్నం భోజనం సుంకమ్మ ఇంట్లో. కొర్రన్నం, వంకాయ పులుసు. నాకు పూడ్చడం తప్పి రెండుసార్లు వడ్డన దొరికింది. మూడూ నలభైకి గుంతకల్లు బండి ఎక్కాను. ఈసారి కిటికీ పక్కనే. మీలో ఎవరైనా ఈ దారిన పోదలుచుకుంటే నేను చెప్పేది కొంచెమే. శ్రావణంలో బస్సు సీటు మీద ఆశ పెట్టుకోకండి. ఒంటిగంటకు ముందు పోతే మేడం ఉండదు. మీవీ మావంటి కాళ్ళే అయితే సిగ్గుపడకండి, భయపడకండి, ముందు ఎవరికైనా తెలిసినవాళ్ళకు చూపించండి. మోటారు వైండింగ్ చేసేవాడికి చూపించకండి.

ఇక ఒట్టు సంగతి. రైలు నగరూరు దాటింది, చేతిలో కాగితం ఉంది, మనసు ఆగడం లేదు. ఎలుగుబంటి నిజం. అరటిపండ్లు నిజం. బస్సులో పద్నాలుగు మంది చెప్పులు విడవడం నిజం, కండక్టరును అడగండి. కల్పించింది ఒకటే. ఈరన్న చెక్క ఎక్కడం నేను చూడలేదు. మొదటి అడుగు పడగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఆ వేళ్ళు, ఆ ఏడో అడుగు, తాబేలు వీపు, అన్నీ ఇప్పుడు ఈ కిటికీ పక్కన కూర్చుని అల్లినవే. నాకు వినిపించింది చెక్క మీద కాళ్ళ చప్పుడు. నడుమ ఒకచోట అది ఆగిపోయింది. ఎంతసేపో తెలియదు, సుంకమ్మ గోళ్ళు నా మోచేతిలో దిగినంతసేపు. తరువాత మళ్ళీ చప్పుడు, తరువాత బోరెం పడిన చప్పుడు. మేస్త్రి అరిచాకే కళ్ళు తెరిచాను. ఆ ఆగినచోట ఏం జరిగిందని సుంకమ్మను అడిగితే, "నేనూ మూసుకున్నా," అంది. ఈరన్నను అడిగితే, "నాకేం కనపడతాది బావా, బోరెం అడ్డమాయ," అన్నాడు.

రెండో బోరెం మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను. అందులో చెప్పడానికేమీ లేదు. మనిషి ఎక్కాడు, వేశాడు, దిగాడు. మూడోదీ అంతే.